కోడళ్ళిద్దరికీ ఒకటే సైజు

మా ఇంట్లో కోడళ్ళకి ఏది కొన్నా రెండు కొంటారు. రెండూ ఒకటే రకం, ఒకటే రంగు, ఒకటే సైజు. కొనేది మా అత్త దాలమ్మ. ఆవిడ మాటకి నరసన్నపేటలో ఎదురు లేదు. మా ఇంట్లో అసలే లేదు.

నేను చిన్నకోడలిగా వచ్చిన ఏడాది దసరాకి రెండు పట్టుచీరలు తెచ్చింది. నేను బాగా పొడుగు, నా పుట్టింటివాళ్ళు బొబ్బిలిలో సంబంధాలు వెతకలేక అలిసిపోయినంత పొడుగు. నా తోడికోడలు ఈశ్వరక్క నా భుజం దగ్గరికి కూడా రాదు. ఆ చీర కడితే నాకు చీలమండలు బయటపడ్డాయి, ఆవిడ కుచ్చిళ్ళు నట్టిల్లంతా ఊడ్చాయి. తర్వాత చెప్పులు తెచ్చింది. అవీ ఒకటే నంబరు. నా మడమలు వెనక బయటికి వేలాడేవి, ఈశ్వరక్క నడుస్తుంటే టపటపమని వీధి చివరికి వినిపించేది. నేను వెళ్ళి మా ఆయన గోపిని నిలదీశాను. అమ్మ ప్రేమగా కొన్నాది, వేసుకో అన్నాడు. ప్రేమగా కొంటే మాత్రం నా కాలు కురచవుతుందా అని అడిగాను. ఆయన పేపరు మడతపెట్టి మిల్లుకి వెళ్ళిపోయాడు. మాకు రైసుమిల్లు ఉంది. ఇంట్లో గొడవైనప్పుడల్లా మగవాళ్ళకి అక్కడ అర్జంటు పని తగులుతుంది.

ఈ సమానత్వానికి కారణం ఒక ఇత్తడి బిందె. మా అత్త కోడలిగా వచ్చిన కొత్తలో వాళ్ళత్త సంతకెళ్ళి రెండు బిందెలు కొనుక్కొచ్చింది. పెద్దది పెద్దకోడలు తాతమ్మకి ఇచ్చింది, చిన్నది మా అత్తకి ఇచ్చింది. నేనేం తక్కువ తిన్నానని మా అత్త ఏడ్చింది. ఆ ఏడుపు పెరిగి తగువైంది, తగువు పెరిగి వేరు కాపురాలయ్యాయి. తాతమ్మ పక్క వీధిలోనే ఉంటుంది. అప్పటినుంచి ఇద్దరికీ మాటల్లేవు. పెళ్ళిళ్ళలో ఒకే వరసలో కూర్చుంటారు. ఒకరి విస్తట్లో అప్పడం పెద్దదో, ఇంకొకరి విస్తట్లోది పెద్దదో ఓరగా చూసుకుంటారు. మాట మాత్రం గోడకి చెప్తారు. తన కోడళ్ళ మధ్య అలాంటి బిందె రాకూడదని మా అత్త ఒట్టు పెట్టుకుంది. ఆ ఒట్టు బరువంతా మా కాళ్ళ మీద పడింది.

ఇక సైకిళ్ళ సంగతి.

నేను హైస్కూల్లో పీఈటీని, ఆటల టీచర్ని. విజిల్ మెడలో ఉంటుంది, కోపం ముక్కు మీద ఉంటుంది. సైకిలు నాకు కొత్త కాదు. ఈశ్వరక్క మిల్లు దగ్గర తవుడు, నూకలు అమ్మే పని చూసుకుంటుంది. ఆవిడకి షుగరొచ్చింది, రోజూ నడవమన్నాడు డాక్టరు. నడవడం మొదలుపెట్టిన వారానికే విసిగిపోయింది. రోడ్డు మీద కనబడ్డ ప్రతివాళ్ళూ ఆపి షుగరెంతున్నాదని అడుగుతున్నారట. సైకిలైతే ఎవరూ ఆపి అడగలేరని నా మేనకోడలు వదిలేసిన పాత లేడీస్ సైకిలెక్కింది. అలా ఇద్దరం పొద్దున్నే బయల్దేరేవాళ్ళం. మొదట ఊరి చివరిదాకా, తర్వాత శ్రీకాకుళం దాకా, తర్వాత శ్రీకూర్మం దాకా. ఒకసారి బొబ్బిలి కూడా వెళ్ళాం. మా అమ్మ మమ్మల్ని చూసి, బస్సులు లేవా ఏటి అని కంగారుపడింది.

విశాఖపట్నంలో ఒక సైకిలు బృందం ఉంది. దాని పెద్ద దేవేంద్ర గారు నేవీలో రిటైరైన మనిషి. మాతో ఒకటి రెండుసార్లు తొక్కాడు. ఆయన కిందటేడు ఒక కబురు చెప్పాడు. వచ్చే వేసవిలో కిర్గిజిస్తాన్ కొండల్లో రెండు నెలలు సైకిళ్ళ మీద తిరగబోతున్నారు. రాళ్ళ దారులు, మంచు కనుమలు, రాత్రిళ్ళు గుడారాల్లో పడక. బృందంలో రెండు చోట్లు ఖాళీ ఉన్నాయి. ఎవరి సైకిలు వాళ్ళే తెచ్చుకోవాలి, అదీ కొండదారికి తట్టుకునే మౌంటెన్ బైకై ఉండాలి. బయల్దేరేముందు సాలూరు దాటాక సుంకి ఘాటు రోడ్డులో తొక్కించి చూస్తాడు. దిగుడులో బండి చేతిలో లేనివాళ్ళని తీసుకుపోడు.

నేను వేసవి సెలవులకి జీతం లేని సెలవు కలుపుకుందామని అప్పుడే లెక్క వేసేసుకున్నాను. ఈశ్వరక్క రెండు రోజులు ఏమీ మాట్లాడలేదు. ఆవిడ పుట్టిందీ ఈ చుట్టుపక్కలే, మెట్టిందీ ఈ చుట్టుపక్కలే. చూసిన పెద్ద కొండ సింహాచలం. మంచుని ఫ్రిజ్‌లో గీకడమే గాని ఎక్కడా చూడలేదు. మూడోరోజు భోజనాల దగ్గర, అందరి ముందూ నోరు విప్పింది.

"నానూ ఎల్తాను. ఒక్కసారి ఆ మంచు మీద సెయ్యెట్టి సూడాల."

ఈ ఇంట్లో నాకిది కావాలి అని ఆవిడ అడగడం నేను వినడం అదే మొదటిసారి. మాకు కావలసినవన్నీ మా అత్తే జంటగా నిర్ణయించేది మరి. అందరం ముద్ద చేతిలో పెట్టుకుని అలా ఉండిపోయాం. ఈశ్వరక్క మొగుడు అప్పలసూరి బావగారు చాలాసేపు ఆలోచించి, ఎల్తే ఇద్దరూ ఎల్లండి, ఒకరు మానేస్తే రెండోవారూ మానేయాల అని తీర్పు చెప్పారు. మా గోపి కూడా తలాడించాడు. మా అత్త మాత్రం ఒకటే ప్రశ్న అడిగింది, డాక్టరు సదువుకా అని. మా జిల్లా పిల్లలు వైద్యం చదవడానికి వెళ్ళే దేశాల్లో అదొకటి. కాదు, సైకిలు తొక్కడానికి అన్నాను. వీధిలో ఎవరూ నమ్మలేదు. ఈ వయసులో మాకు సీటెలా వచ్చిందని ఇద్దరు ముగ్గురు ఆరా కూడా తీశారు.

కోడళ్ళకి వస్తువు కొనడం కాబట్టి మా అత్త లేకుండా కుదరదు. అందరం కారులో విశాఖపట్నం వెళ్ళాం. ఏసీ కొట్టు. సైకిళ్ళు గోడలకి వేలాడుతున్నాయి. మా అత్త కుర్చీ వేయించుకుని మధ్యలో కూర్చుంది.

ఏం కొనాలో నేను ముందే తేల్చుకుని వెళ్ళాను. ముందువైపు మాత్రం స్ప్రింగుండాలి. వెనకా ముందూ రెండువైపులా ఉన్నవి ఎగరడానికీ దూకడానికీ బాగుంటాయి గాని, రెండు నెలల సామాను కట్టుకుని తిరిగేవాళ్ళకి తలనొప్పి, పాడైతే ఆ కొండల్లో బాగుచేసేవాడు దొరకడు. వెనక సామాను స్టాండు బిగించుకోవడానికి చట్రానికి బెజ్జాలుండాలి. డిస్కు బ్రేకులుండాలి. ఎక్కుడుకి తేలికైన గేరుండాలి, టైరు వెడల్పుండాలి. ఇవన్నీ కొట్టాయన ఒప్పుకున్నాడు. ఒప్పుకోనిది మా మగవాళ్ళు. స్టాండు లేదేటి అని బావగారు వంగి చూశారు. బెల్లు లేదు, మడ్‌గార్డు లేదు, తాళం లేదు, ఇంత పెట్టి కొంటే కనీసం గాలి పంపు కూడా ఇవ్వరా అని గోపి బేరం మొదలెట్టాడు. మా అత్త నిమ్మకాయ ఎక్కడ కట్టాలని అడిగింది.

కొట్టాయన మా ఇద్దర్నీ కొలిచాడు. ఈశ్వరక్కని చట్రం మీద నుంచి కాళ్ళు అటూ ఇటూ వేసి నిలబడమన్నాడు. నిలబడితే పై గొట్టానికీ మనిషికీ మధ్య ఖాళీ ఉండాలిట, ఆగినప్పుడు పాదాలు నేలకి ఆనాలిట. చూసి ఆవిడకి చిన్న సైజు, చక్రాలు కూడా కొంచెం చిన్నవి, నాకు పెద్ద సైజు, పెద్ద చక్రాలు అన్నాడు. అక్కడిదాకా బాగానే ఉంది. ఆ రెండు సైకిళ్ళూ తెచ్చి పక్కపక్కన నిలబెట్టాడు చూడండి, అక్కడ చెడింది.

మా అత్త కుర్చీలోంచి లేచింది. "పెద్దకోడలికి సిన్నదా?"

పాపం ఆయన చాలా ఓపిగ్గా చెప్పాడు. చిన్నదంటే తక్కువది కాదమ్మా, సామానంతా అదే, ధర అదే, మనిషిని బట్టి కొలత అన్నాడు. మా అత్త అంతా విని, మీ కొట్టులో ఇద్దరికీ ఒకటే సైజు నేదా అని అడిగింది. అదే సమయానికి ఎనిమిదో తరగతి చదివే పిల్లాడొకడు తండ్రితో వచ్చి, ఆ చిన్న సైజే ఎక్కి కొట్టులో గుండ్రంగా తిరగడం మొదలెట్టాడు. ఈశ్వరక్క ముఖం మాడిపోయింది. నేను కల్పించుకుని, బట్టలు కాదు అత్తా, కొండ దిగాలి అని గట్టిగానే చెప్పాను. ఊరుకోవే, అత్త సెప్పింది నాయమే అంది ఈశ్వరక్క. అయిపోయింది. నాకు పెద్దదీ కాక, ఆవిడకి చిన్నదీ కాక, మధ్య సైజువి రెండు తీసుకున్నాం. రెండూ బూడిదరంగువి. కొట్టాయన బిల్లు రాస్తూ, సరిపోకపోతే పట్టుకురండి, మారుస్తాను అన్నాడు. అంటే ఏమవుతుందో ఆయనకి అప్పుడే తెలుసు.

ఇంటికొచ్చాక పూజ. మా అత్త పసుపు నూనెలో తడిపి అన్నింటికీ రాసుకుంటూ పోయింది. డిస్కు దగ్గరికొచ్చేసరికి ఈశ్వరక్క రెండు చేతులూ అడ్డం పెట్టింది. నూనె తగిలితే బ్రేకు పడదని కొట్టాయన చెప్పిన మాట అంత మందిలో గుర్తుపెట్టుకున్నది ఆవిడొక్కతే. నాకు ముచ్చటేసింది. కొండ గురించి ఆవిడ నాకంటే ఎక్కువ ఆలోచిస్తోంది.

తొక్కడం మొదలెట్టాక నా బతుకు బయటపడింది. మోకాళ్ళు మోచేతులకి తగిలేవి. సీటు ఎంత పైకి లాగినా నడుం మడతపడే ఉండేది. శ్రీకాకుళం వెళ్ళి వచ్చేసరికి వీపు విరిగినట్టయ్యేది. నోరు మాత్రం మెదపలేదు, ఎందుకంటే ఈశ్వరక్కకి బాగానే ఉందనుకున్నాను. ఇద్దరికీ ఒకటే వస్తువు ఇచ్చినప్పుడు నాకు బాగాలేదు అంటే, నీకు బాగుంది అని ఎత్తిపొడిచినట్టు. మా ఇంట్లో అలాంటి మాట చాలా దూరం పోతుంది.

ఆవిడ సంగతి నాకు తెలీలేదు. తెలియకుండా అంత బాగా దాచింది. ఆగినప్పుడు ఆవిడ కాలు నేలకి అందదు. అందుకని రోడ్డు పక్కన గట్టున్న తూములు బట్టీ పట్టింది. నరసన్నపేట నుంచి శ్రీకాకుళం దాకా ఎక్కడ తూముందో, ఎక్కడ కిలోమీటరు రాయుందో, నాగావళి వంతెన మీద ఫుట్‌పాత్ ఎక్కడ మొదలవుతుందో అన్నీ ఆవిడకి తెలుసు. ఆగాలంటే అక్కడే ఆగేది, ఆ గట్టు మీద ఒక కాలు దర్జాగా పెట్టి, చల్లగాలి పీల్చుకుంటున్నట్టు నిలబడేది. ఈవిడకి తూములంటే ఇంతిష్టమేమిటా అనుకునేదాన్ని. ఒకరోజు తూము లేనిచోట గేదె అడ్డమొచ్చింది. ఆవిడ సైకిలుతో సహా వరిమడిలోకి దిగిపోయింది. బురద కడుక్కుంటూ, గేదె బెదిరిపోతుందని దిగాను అంది. నేను నమ్మాను.

సుంకి ఘాటు రోజు వచ్చింది. ఎక్కుడు ఆవిడ అద్భుతంగా ఎక్కింది. తవుడు బస్తాలు లాగిన కాళ్ళు అవి. ఎక్కడా ఆగకుండా, నిదానంగా, విశాఖపట్నం నుంచి వచ్చిన ఇద్దరు సాఫ్ట్‌వేర్ కుర్రాళ్ళని దాటుకుని పైకి చేరింది. దేవేంద్ర గారు నాతో, మీ అక్కగారు మీకంటే గట్టివారండీ అన్నాడు. నాకు ఒళ్ళు మండింది, సంతోషం కూడా వేసింది.

దిగుడులో పరీక్ష. ఒక మలుపు తిరిగాక ఆయన చెయ్యెత్తాడు, అందరూ ఉన్నచోటే ఆగాలి. అందరం ఆగాం. ఈశ్వరక్క ఆగలేదు. బ్రేకు పట్టింది, బండి నెమ్మదించింది, ఒక కాలు కిందకి చాచింది, అందలేదు. మళ్ళీ బ్రేకు వదిలేసింది. మా అందర్నీ దాటుకుంటూ, తూమేదే, తూమేదే అని నన్ను అడుగుతూ కిందకి వెళ్ళిపోయింది. తర్వాతి మలుపులో పిట్టగోడని రెండు చేతులా వాటేసుకుని ఆగింది. మేం వెళ్ళేసరికి గోడని వదలడానికి కాస్త టైము పట్టింది.

దేవేంద్ర గారు అరవలేదు. సైకిలు చూశాడు, మనిషిని చూశాడు, తర్వాత నన్ను నా సైకిలు మీద ఎక్కించి చూశాడు. మీకిద్దరికీ ఈ సైకిళ్ళు ఎవరమ్మారండీ అని అడిగాడు. అమ్మినవాడి తప్పు కాదని చెప్పడానికి నాకు సిగ్గేసింది. అక్కడి దారుల్లో పిట్టగోడలుండవు, అవతల లోయ ఉంటుంది అన్నాడు. వచ్చే ఆదివారం మళ్ళీ ఇక్కడికే రమ్మన్నాడు. సరైన సైజు మీద వచ్చి, చెప్పినచోట ఆగితే ఇద్దరికీ చోటు ఉంటుంది. లేకపోతే మీరొక్కరే రండి, ఆవిడ చోటు ఇంకొకరికిస్తాను అన్నాడు నాతో. నేనొక్కదాన్నీ వెళ్ళేది లేదని మా ఇంటి తీర్పు ఆయనకేం తెలుసు.

తిరిగొచ్చేటప్పుడు కారులో నేను మెత్తగానే మొదలెట్టాను. చిన్న సైజు తీసుకో అక్కా, కొట్టాయన మారుస్తానన్నాడు కదా అన్నాను. ఆవిడ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. రామభద్రపురం దాటాక పేలింది.

"ఇన్నేళ్ళూ అన్నీ సమానంగా ఉన్నాయి. ఇప్పుడు నీకు పెద్దదీ, నాకు సిన్నదీనా? ఎనిమిదో తరగతి గుంటడు తొక్కీది నానెక్కాలా?"

"మంచు కావాలా, మర్యాద కావాలా నీకు?"

"రెండూ కావాల."

నాకు కోపమొచ్చింది. ఇంత మొండిమనిషితో కొండలెక్కడం నా వల్ల కాదన్నాను. నిన్నెవరు తీసుకెల్లమన్నారే అంది. ఇంటికి చేరేసరికి మాటలు ఆగిపోయాయి.

మేమిద్దరం మాట్లాడుకోకపోవడం అదే మొదలు. కూరలో ఉప్పు సరిపోయిందా అని నేను కుక్కర్ని అడిగేదాన్ని. పాలవాడు రాలేదని ఆవిడ గడపకి చెప్పేది. మగవాళ్ళిద్దరికీ మిల్లులో పని ఎక్కువైంది. మా అత్తకి మాత్రం నిద్ర పట్టలేదు. అరుగు మీద కూర్చుని, గోడకి ఆనించిన రెండు బూడిదరంగు సైకిళ్ళని మార్చి మార్చి చూసేది. రెండూ ఒకటే గదా, మరేటి తగువు అని తనలో తనే అనుకునేది. ఆవిడని చూస్తే నాకు కోపం పోయి జాలేసింది. జీవితమంతా కాపాడుకొచ్చిన సూత్రం కళ్ళ ముందే పని చెయ్యకుండా పోయింది.

శుక్రవారం పొద్దున్న మమ్మల్నిద్దర్నీ పెరట్లోకి పిలిచింది. సైకిళ్ళెక్కమంది. ఎక్కాం. నడపమంది. బాదంచెట్టు చుట్టూ నడిపాం. ఆగమంది. నేను ఆగాను. ఈశ్వరక్క మూడుసార్లు తిరిగింది. పెరట్లో తూము లేదు. చివరికి బ్రేకు పట్టి ఒక పక్కకి దూకింది. చట్రం గొట్టం తొడకి కొట్టుకుంది. ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అప్పుడు అర్థమైంది నాకు, తూముల మీద ప్రేమేమిటో, గేదె బెదిరిపోతుందని మడిలోకి దిగడమేమిటో. ఇన్నాళ్ళూ నాకొక్కదానికే బాధనుకున్నాను.

"నీకూ సరిపోనేదేటే?" అని మా అత్త నన్నడిగింది. నా మోకాళ్ళు చూపించాను. రెండూ కందిపోయి ఉన్నాయి. ఈశ్వరక్క అవి చూసింది. నీకు బాగానే ఉందనుకున్నానే అంది. నాతో మాటల్లేవన్న సంగతే మర్చిపోయింది.

 మా అత్త నూతిగట్టు మీద కూర్చుని చాలాసేపు మా ఇద్దర్నీ పై నుంచి కిందకి, కింద నుంచి పైకి చూసింది. తర్వాత అటక మీది బిందె దింపమంది. ఏ బిందె అని అడగక్కర్లేదు. ఆ ఇత్తడి బిందె నేను వచ్చినప్పటినుంచీ అటక మీదే ఉంది, ఎవరూ వాడరు, ఎవరూ పారెయ్యరు. నాకు నిచ్చెనతో పని లేదు. చెయ్యి చాచి దింపాను.

నడుం మీద పెట్టుకోమంది. పెట్టుకుంటే అది నా నడుం మీద చెంబులా ఉంది, కిందకి జారిపోతోంది. ఈశ్వరక్కకి ఇవ్వమంది. ఆవిడ నడుం మీద అతికినట్టు కూర్చుంది, చెయ్యి చుట్టూ సరిగ్గా తిరిగింది. తర్వాత మా అత్త తను లేచి, బిందె తీసుకుని, తన నడుం మీద పెట్టుకుంది. మా అత్తా ఈశ్వరక్కా ఒకటే ఎత్తు. ఈ ఇంటికి వచ్చినప్పుడు మా అత్తకి పద్నాలుగేళ్ళు నిండలేదట. అప్పుడింకెంత ఉండేదో.

"నాకు సరిపోయిందే" అంది బిందెతో.

ఆ బిందె అలాగే చంకన పెట్టుకుని వీధిలోకి నడిచింది. మేం సైకిళ్ళు పడేసి వెనకాలే వెళ్ళాం. పక్క వీధిలో తాతమ్మ అరుగు మీద కందికాయలు ఒలుస్తోంది. పెళ్ళయి వచ్చినప్పుడు ఆవిడ నాకంటే పొడుగుట, అటక మీద సామాను నిలబడే తీసేదట. ఇప్పుడు నడుం బాగా వంగిపోయింది. మా అత్త అరుగు ముందు నిలబడితే ఇద్దరూ సమానంగా ఉన్నారు.

"అప్పా" అని పిలిచింది మా అత్త. అప్పంటే మా వైపు అక్క. ఆ పిలుపుకి తాతమ్మ ముందు వెనక్కి తిరిగి చూసుకుంది, ఇంకెవరినో పిలిచారేమోనని.

"అప్పా, నీ బింది బరువుగా ఉండీదేటి?"

తాతమ్మ బిందె వంక చూసింది. చేతిలోని కాయ ఒలవడం ఆపలేదు.

"బరువా? నిండా నీల్లోస్తే నడుం ఇరిగిపోయీది. నీకు సిన్నదిచ్చి సుకపెట్టింది, నన్ను సంపేసిందని ఆ ముసల్దాన్ని ఎన్ని తిట్టేనో. నీతోటి అందుకే గదా మాటాడ్నేదు."

"నానూ అందుకే మాటాడ్నేదు" అంది మా అత్త.

 నాకు నవ్వొచ్చింది, ఆ వంగిన నడుం చూసి ఆపుకున్నాను. వాళ్ళత్త ఒక్క ముక్క చెప్పి ఉంటే పోయేది, మనిషిని బట్టి బిందె అని. చెప్పలేదు, వీళ్ళిద్దరూ అడగలేదు. తాతమ్మ చేటని కొంచెం పక్కకి జరిపింది, మా అత్త బిందె కింద పెట్టి అరుగెక్కింది. మేం ఇంటికి వచ్చేశాం. మధ్యాహ్నం భోజనానికి కూడా మా అత్త రాలేదు.

మర్నాడు మళ్ళీ విశాఖపట్నం. ఈసారి కారులో తాతమ్మ కూడా ఉంది. దారి పొడుగునా ఇద్దరూ మాకు సలహాలిచ్చారు. కొట్టాయన మమ్మల్ని చూడగానే చిన్నదీ పెద్దదీ రెండూ బయటికి తెచ్చాడు, ఈసారి మాత్రం ఒకదాన్ని ఈ మూలా ఇంకోదాన్ని ఆ మూలా నిలబెట్టాడు. మా అత్త వెళ్ళి చిన్నదాన్ని చేత్తో తట్టింది. ఇదే పెద్దకోడలికి అంది. అంతలోనే పాత ప్రాణం ఊరుకోక, రంగు మాత్రం ఒకటే ఉండాల అంది. ఉన్నవాటిలో నీలం బాగుందని తాతమ్మ అంది, బూడిదే మంచిదని మా అత్త అంది. ఏళ్ళ తరబడి దాచుకున్న వాదనలన్నీ ఆ రంగు మీద పెట్టారు. ఈశ్వరక్క ఇద్దరి మధ్య నుంచి వెళ్ళి, నారింజ రంగుదాని హ్యాండిల్ పట్టుకుంది.

"నాకిది కావాల."

 నేను నీలంది తీసుకున్నాను. ఎక్కి కూర్చుంటే నా మోకాళ్ళు, నా మోచేతులు మొదటిసారి ఒకదాన్నొకటి తగలకుండా ఉన్నాయి. కొట్టులోనే ఒక చుట్టు తిరిగాను. ఎనిమిదో తరగతి పిల్లాడు లేడు గాని, ఉన్నా ఈశ్వరక్క పట్టించుకునేది కాదు.

ఆదివారం సుంకి ఘాటు. పైకి ఎక్కాం, కిందకి మళ్ళాం. దేవేంద్ర గారు ఈసారి వెనకాల ఉన్నాడు. విజిల్ వెయ్యగానే ఆగాలని నా విజిలే అడిగి తీసుకున్నాడు.  ఈశ్వరక్క నా ముందు నారింజ రంగులో వెళ్తోంది. మొదటి మలుపు దాటింది, విజిల్ వినబడలేదు. రెండోది దాటింది. అక్కడ రోడ్డుకి ఒక పక్క కొండ, ఇంకో పక్క లోయ. తూము లేదు, రాయి లేదు, పిట్టగోడ అక్కడికింకా మొదలవలేదు. అలాంటి చోట, దిగుడు మధ్యలో, ఎవరూ ఆపకుండానే ఈశ్వరక్క ఆగిపోయింది.

బ్రేకు పాడైందేమో, తొడ నొప్పేమో అని నేను పక్కనే ఆగి, ఏటయ్యిందక్కా అని అడిగాను.

"ఏటీ అవ్వనేదు. ఊరికే ఆగేను."

పైనుంచి దేవేంద్ర గారు చూస్తూనే ఉన్నాడు. విజిల్ వెయ్యనే లేదు. చెయ్యెత్తి, ఇక చాలు, మీ అక్కగారూ కిర్గిజిస్తాన్ వస్తున్నారు అని కేకేశాడు. నేను చెప్పబోయాను గాని ఆవిడ వినే స్థితిలో లేదు. రోడ్డు మీద పూర్తిగా ఆనిన తన రెండు పాదాలనీ చూసుకుంటోంది.